నాలుగో జ్వరం

బంగారుపేట నుంచి కె.జి.ఎఫ్.కు పోయే రోడ్డు దిగి, మట్టిబాట పట్టి కాస్త లోపలికి వస్తే మా చేను. చేను అనడం మర్యాదకే. ఉన్నవన్నీ బండలు, బండల సందుల్లో తుమ్మకంపలు. నాన్న ఉన్నన్నాళ్లూ మొండిపట్టు పట్టి అందులోనే రాగులు చల్లేవాడు. వానొస్తే పండేవి, రాకపోతే మేకల పాలయ్యేవి. తూర్పున సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. బంగారం తీసుకోగా మిగిలిన మట్టిని గని వాళ్లు తరాల తరబడి పోసిపెట్టిన గుట్టలవి. గాలి ఇటు తిరిగిందంటే ఆ తెల్లదుమ్ము మా అన్నంలో పడుతుంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నాం కాబట్టి మేము వాటిని లెక్కచేయడం ఎప్పుడో మానేశాం. బెంగళూరు వాళ్లు మాత్రం కారు దిగీ దిగగానే వాటికేసి చెయ్యి చూపించి, అచ్చం ఎడారిలా ఉందంటారు.

ఎడారి అన్న మాట మాకు అట్లా వాళ్ల నోటినుంచే వచ్చింది. నేను కె.జి.ఎఫ్.లో ఒక స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర చదువుకున్న ఒకడు బెంగళూరులో స్థిరపడ్డాడు. వాడొకసారి మా చేనుకు వచ్చి, బండ మీద కూర్చుని సూర్యాస్తమయం చూసి, సార్, ఇక్కడ నాలుగు గుడిసెలు వేసి డెజర్ట్ క్యాంపు అని పేరు పెట్టండి, జనం వరసకడతారు అన్నాడు. వాడు ఇంగ్లీషు పరీక్షలో ఎన్నడూ గట్టెక్కినవాడు కాదు. ఈ ఒక్క మాట మాత్రం సరిగ్గా చెప్పాడు.

రాతి కూసాలు పాతి, మట్టిగోడలు లేపి, పైన బోదగడ్డి కప్పించి నాలుగు గుడిసెలు కట్టించాను. లోపల కొయ్య మంచాలు, లాంతరు ఆకారంలో కరెంటు దీపాలు. ముందు నెగడు వేసుకోవడానికి రాళ్లతో గుండ్రంగా ఒక చోటు. మా అక్కవి రెండు ఆవులున్నాయి కాబట్టి బోర్డు మీద రాంచ్ అని కూడా రాయించాను. రాంచ్ అంటే గుర్రముండాలి కదా అని బంగారుపేటలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఒక ముసలి గుర్రాన్ని తెచ్చాను. అది మేళం వినబడితేనే అడుగు వేసేది. పిల్లల్ని ఎక్కించాక నేను పక్కన నడుస్తూ సెల్లులో నాదస్వరం పెట్టాల్సి వచ్చేది. ఊళ్ళో వాళ్లు నన్ను చూస్తే చాలు, ఏం సార్, రాంచీ నుంచి ఎప్పుడొచ్చినారు అని అడిగేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆటంతా బాగా నచ్చింది. ఇన్నేళ్లు పిల్లలు వినీ వినకుండా కూర్చున్న నా ఇంగ్లీషును ఇప్పుడు పెద్దపెద్ద ఉద్యోగాల వాళ్లు నెగడు చుట్టూ కూర్చుని చెవులప్పగించి వింటున్నారు. అరవై దాటిన మనిషికి అంతకంటే మత్తు ఏముంటుంది.

నా చేనుకు ఆనుకునే మా అక్క చేను. నాన్న పోకముందే ఆమె భాగం ఆమెకు రాసిచ్చాడు. బావ మాకు మేనత్త కొడుకే, కాబట్టి పెళ్లయినా అక్క ఊరు దాటలేదు. ఆయన వేమగల్లులో ఒక ఫ్యాక్టరీకి బస్సులో పోయి వస్తాడు. చేను, ఆవులు, పట్టుపురుగులు, అన్నీ అక్క చేతి మీద. నా భాగంలో లేని బోరునీళ్లు ఆమె భాగంలో పడ్డాయి. ఆ నీళ్లతో మల్బరీ పెట్టింది. చేను మధ్యలో పురుగుల ఇల్లు కట్టుకుంది. పొడుగాటి ఇల్లు, రెండువైపులా కిటికీలు, కిటికీలకు ఈగలు రాకుండా వల. నా నాలుగో గుడిసెకూ ఆ ఇంటికీ మధ్య పదడుగుల సందు. అక్కడ గుడిసె వద్దని అక్క ముందే అంది. దిబ్బలు బాగా కనిపించేది అక్కడి నుంచే అని నేను పట్టుబట్టాను. సరే కానీప్పా, జాగ్రత్తగా ఉండు అని ఊరుకుంది.

ఎందుకు జాగ్రత్త అని ఆమె చెప్పక్కర్లేదు. పట్టుపురుగుల ఇంట్లో పుట్టినవాడికి అది మొట్టమొదట వచ్చే చదువు. ఆ పురుగుకు ఘాటు పడదు. దోమల మందు, పొగాకు, సెంటు, చేనుకు కొట్టే మందు, ఏది తగిలినా చస్తుంది. పంట ఉన్నన్నాళ్లూ అక్క ఇంట్లో దోమలబత్తి వెలిగించరు. బావ బీడీ రోడ్డు మీద కాల్చుకుని, నోరు పుక్కిలించి, కాళ్లూ చేతులూ కడుక్కుని వస్తాడు. వాకిట్లోకి ఎవరొచ్చినా అక్క మొదట అడిగే మాట, ఏం ముట్టుకుని వచ్చినావు అని. టమోటాకు మందు కొట్టి వచ్చినవాడు ఆ మాట తనే చెప్పి గడప బయటే నిలబడేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేను స్కూలు గ్రూపు ఫోటో కోసం మొహాన ఇంత పౌడరు కొట్టుకుని అమ్మ పురుగుల గదిలోకి తల పెట్టాను. అమ్మ చెవి పట్టి బయటికి ఈడ్చింది. అక్క నన్ను తొట్టి దగ్గరికి తీసుకుపోయి మొహం కడిగింది. ఫోటోలో నేనొక్కణ్ణే తడిజుట్టుతో ఉన్నాను.

ఇంక ఆ జ్వరం సంగతి. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పాత చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం, అట్లా. నిజంగా రోగమేమీ కాదు. జ్వరం విడిచిన పురుగు ఆకలి మీద లేస్తుంది. నాలుగో జ్వరం విడిచాక వారం రోజులు ఆకు ఎంతేసినా చాలదు, తర్వాత గూడు కడుతుంది. అందుకే నాలుగో జ్వరం అంటే ఇంట్లో అందరికీ ఒళ్లంతా కళ్లే. పురుగులుండే అరల పడకల మీద సున్నం చల్లి, గాలి ఆడాలని కిటికీలన్నీ తెరిచి, మనుషుల్ని లోపలికి రానివ్వరు.

నాకు ఆ మాట మీద ఎప్పుడూ ఒక ముచ్చట. గుడిసెలు మొదలుపెట్టాక దాన్నొక ఆట చేశాను. పురుగులకు జ్వరం పట్టినప్పుడల్లా ఒక పలక మీద ఇంగ్లీషులో 'ఫోర్త్ ఫీవర్, నో ఎంట్రీ' అని సుద్దతో రాసి అక్క పురుగుల ఇంటి తలుపుకు తగిలించేవాణ్ణి. రెండో జ్వరానికి సెకండ్, మూడో దానికి థర్డ్. వచ్చినవాళ్లు అది చదివి గుసగుసలు పోయేవాళ్లు. ఎవరికి జ్వరం, ఏం జ్వరం అని అడిగితే నేను పెదవి విప్పేవాణ్ణి కాదు. సాయంత్రం చెప్తాను అనేవాణ్ణి. చీకటి పడ్డాక నెగడు దగ్గర, వాళ్లు బాగా భయపడ్డాక, అసలు సంగతి బయటపెట్టి, మర్నాడు జ్వరం విడిచిన పురుగుల్ని కిటికీ వలలోంచి చూపించేవాణ్ణి. ప్రతిసారీ నవ్వులే నవ్వులు. అక్కకు ఆ పలక మీద ఏముందో చదవడం రాదు. లోపలికి రావద్దని రాసినాను అని చెప్తే, మంచి పని చేసినావు అంది.

ఆ రోజు శనివారం. మూడు గుడిసెల్లో పాతవాళ్లే ఉన్నారు. నాలుగో గుడిసెకు మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. ఉత్తరాది వాళ్లు, ఉద్యోగాలు బెంగళూరులో. నాలుగేళ్ల పాప. ఆ పాపకు అంతకు రెండు నెలల కింద డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉండి బయటపడిందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. వాళ్లకు గుడిసె చూపించి, గుర్రాన్ని చూపించి, రాత్రి కాల్చడానికి కోళ్లు తేవాలని నేను బంగారుపేటకు బయల్దేరాను. పలక తలుపుకే ఉంది. పోతూ పోతూ దాన్ని సరిగ్గా కనబడేలా సర్ది పోయాను.

బంగారుపేటలో కోళ్ల అంగడి ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నాలుగో గుడిసెలో దిగిన ఆ పాప తల్లి, ఆ అమ్మాయే. పక్కన రైలు వచ్చినట్టుంది, ఆటోల గోల, కోళ్ల గోల. మాటలు తెగి తెగి వినిపించాయి కానీ వినబడలేదని చెప్పడానికి లేదు. పక్కింట్లో జ్వరాలున్నట్టు బోర్డు ఉంది, నాలుగో జ్వరం అని రాసి ఉంది, మాకు చిన్నపాప ఉంది, నిజమేనా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఈవిడ బాగా భయపడింది, ఈ రాత్రి నెగడు రంజుగా ఉంటుంది అనుకున్నాను. నిజమే, సాయంత్రం చెప్తాను, కంగారు పడకండి అన్నాను. మా దగ్గర దోమల స్ప్రే ఉంది, గుడిసె చుట్టూ కొట్టుకోవచ్చా అని అడిగింది. కొట్టుకోండి, దానికేం అన్నాను.

దానికేం అన్నాను. పట్టుపురుగుల ఇంట్లో పుట్టి, ఒక్కసారి పౌడరు కొట్టుకున్నందుకు చెవి మెలిపెట్టించుకున్నవాణ్ణి. ఆ క్షణాన నా తలకాయ ఎక్కడుందో నాకు తెలుసు. నెగడు దగ్గర కథ ఎట్లా మొదలుపెట్టాలా అని వరస కట్టుకుంటోంది. కోళ్లవాడు సంచి చేతికిస్తే పుచ్చుకుని, ఆ ఫోన్ సంగతే మరిచిపోయాను.

నేను తిరిగి వచ్చేసరికి పొద్దు గూట్లో పడుతోంది. నాలుగో గుడిసె వైపు పోతుంటే వాసన తగిలింది. తీయటి, ముక్కు మండే వాసన.  సందులో రెండు ఖాళీ డబ్బాలు పడి ఉన్నాయి. పురుగుల ఇంటి కిటికీ కింద గోడ ఒక చోట తడిసినట్టు మెరుస్తోంది. జ్వరాల ఇంటినుంచే దోమలు వస్తాయని వాళ్లు ఆ కిటికీ వైపే ఎక్కువ కొట్టారన్నది తర్వాత తెలిసింది కానీ, నాకు అప్పుడే అర్థమైంది. అక్క అప్పుడు ఇంటి దగ్గర పాలు పిండుతోంది. పిలిస్తే పలికేంత దూరం. పిలిచి చెప్పి ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. సందు వైపు పడకలనైనా ఎత్తి అవతలికి చేర్చేది, ఊళ్ళో నలుగుర్ని కేకేసేది. కొన్నైనా దక్కేవేమో. దక్కకపోయినా ఆమెకు చెప్పిన వాణ్ణయ్యేవాణ్ణి.

నేను గాలి ఎటు ఉందో చూశాను. గాలి మా వైపే వీస్తోంది, పురుగుల ఇంటి వైపు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. డబ్బాలు ఏరి చెత్తబుట్టలో వేశాను. తర్వాత పోయి నెగడు ముట్టించాను.

ఆ సాయంత్రం కథ ఎప్పటికంటే బాగా చెప్పాను. ఇది సిగ్గులేకుండా రాస్తున్నాను, అది నిజం కాబట్టి. జ్వరం అంటే ఏమిటో బయటపెట్టగానే అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. పాపను ఒళ్లోంచి దించి నా దగ్గరికి వచ్చి, పురుగులంటున్నారు, మరి మేము స్ప్రే కొట్టాం కదా, వాటికేమైనా అవుతుందా అని మెల్లగా అడిగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఏమీ కాదు, అక్కడ వల ఉంది అన్నాను. ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. ఆ అక్కగారికి ఒక మాట చెప్దామా అని మళ్లీ అడిగింది. పొద్దున చూద్దాం అన్నాను.

పొద్దున అక్క కేక వేయలేదు. ఆకు కోసుకుని, జ్వరం విడిచి ఉంటాయని లోపలికి పోయిన మనిషి ఎంతకీ బయటికి రాలేదు. నేనే పోయాను. గడప దగ్గర ఆగిపోయాను. సందు వైపు అరల్లో పురుగులు తలలు అటూ ఇటూ విసురుతున్నాయి. నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే ముడుచుకుపోయి కిందికి రాలాయి. అవతలి వైపు అరల్లోవి ఇంకా కదులుతున్నాయి కానీ వాటికీ మొదలైంది. అక్క మధ్యలో చాప మీద కూర్చుని ఉంది. పక్కన ఆకు మోపు, కట్టు విప్పలేదు. అరచేతిలో ఒక పురుగు పెట్టుకుని చూస్తోంది.

'మందు తగిలిండాది' అంది, నా వైపు చూడకుండా.

నేను నోరు తెరిచేలోపే నా వెనక అడుగుల చప్పుడు. ఆ అమ్మాయి వచ్చింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. లోపలికి ఒకసారి చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గడప బయటే మోకాళ్ల మీద కూర్చుని అక్కతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో కొంత, హిందీలో కొంత. అక్కకు తెలుగు, కన్నడం వచ్చు, తమిళం అర్థమవుతుంది. ఇంగ్లీషూ, హిందీ రావు. ఆమె ఏడుస్తూ, గుక్కతిప్పుకోకుండా చాలాసేపు మాట్లాడింది. బోర్డు చూసి జ్వరాలనుకున్నామని, తన పాపకు డెంగీ వచ్చి చావు తప్పిందని, ఆ భయంతో కొట్టామని చెప్పింది. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, కొట్టే ముందు ఈయనకు ఫోన్ చేసి అడిగాను, కొట్టుకోమన్నారు, రాత్రి మళ్లీ అడిగాను, ఏమీ కాదన్నారు, అప్పుడే ఫోన్‌లో వద్దని ఉంటే ముట్టుకునేదాన్ని కాదు అంది. అంతా చెప్పి, నా మొహంలోకి చూసింది. నేను దాన్ని తెలుగులో చెప్తానని చూసింది.

అక్క కూడా నా వైపే చూసింది. 'ఏమంటాండాది ఆయమ్మ?' అని అడిగింది.

నా జన్మలో నేను ఎన్ని పాఠాలు తెలుగులోకి మార్చి చెప్పానో లెక్కలేదు. మాట పొల్లుపోకుండా చెప్తానని పేరు కూడా ఉండేది. 'తెలియక చేసింది, తప్పయిపోయింది అంటాండాది' అన్నాను.

అక్క ఆమెను కాసేపు చూసింది. లేచి వచ్చి, చేతిలోని పురుగును గడప పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆమె భుజం తట్టి లేపింది. బిడ్డ గల తల్లి, భయపడింది, పోనీలే అని చెప్పమంది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. అది మాత్రం పూర్తిగా చెప్పాను. ఆ అమ్మాయి నేను చెప్పేది విని, అక్కను చూసి, మళ్లీ నన్ను చూసింది. తన మాటలు అవతలికి చేరలేదని ఆమెకు తెలిసిపోయింది.  గంటలో సర్దుకుని వెళ్లిపోయారు.

బావ ఆ రోజు పనికి పోలేదు. చేను చివర గుంత తీశాడు. నేనూ అక్కా పురుగుల్ని పాత పేపర్ల మీదికి ఎత్తి గంపల్లో మోశాం. గుంతలో పోసి సున్నం చల్లి మన్ను కప్పాం. బావ ఆ బెంగళూరు వాళ్లను తిడుతూనే ఉన్నాడు. చదువుకున్నోళ్లకు ఈ మాత్రం తెలవదా అన్నాడు. నేను గంప దులుపుతూ అవునన్నట్టు తల ఊపాను.  మధ్యాహ్నం అక్క మాకు రాగిముద్ద చేసి పెట్టింది.

పలక నేనే తీసేశాను. పురుగుల ఇంటిని నేనే దగ్గరుండి కడిగించాను. బ్లీచింగు, సున్నం, మళ్లీ నీళ్లు, మళ్లీ సున్నం. నెల తిరిగేసరికి అందులో ఏ వాసనా లేదు. పిల్లపురుగులు అమ్మేవాళ్ల దగ్గర మళ్లీ పురుగుకు చెప్పు అక్కా అన్నాను. చూస్తాంలేప్పా అంది. ఆ నెల చెప్పలేదు. పై నెలా చెప్పలేదు. మల్బరీ ఆకును ముళబాగిలు వైపు ఊళ్ల వాళ్లకు అమ్మేస్తూ వచ్చింది. అడిగినవాళ్లకు నడుము నొప్పి అని చెప్పేది. నడుము నొప్పి మనిషి రోజూ పొద్దున నాలుగు మోపుల ఆకు కోసి బండికి ఎత్తేది. ఒక పంట పోతే చెయ్యి ముడుచుకునే మనిషి కాదు మా అక్క. పురుగు సుద్దముక్కలా బిగుసుకుపోయే సున్నంరోగం వచ్చి ఇల్లంతా పోయినప్పుడు కూడా పదిహేను రోజుల్లో మళ్లీ పురుగు పెట్టింది. ఈసారి మనసు విరిగిపోయింది పాపం అని నేను అనుకున్నాను. అనుకుని, దానికి కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా అని రోజూ లోపల కుమిలేవాణ్ణి. చెప్పాలని ఎన్నిసార్లు ఆమె వాకిట్లోకి పోయానో. పోయి పాలు ఇప్పించుకుని తిరిగి వచ్చేవాణ్ణి. ఇన్నాళ్లయ్యాక చెప్పి ఆమెను మళ్లీ బాధపెట్టడం ఎందుకు అని ఒక సాకు. పిరికితనానికి సాకులు వెతికిపెట్టడంలో చదువు బాగా ఉపయోగపడుతుంది.

మొన్న మాఘమాసంలో అక్క నా దగ్గరికి వచ్చింది. నేను నాలుగో గుడిసె గోడలు అలికిస్తున్నాను. కాసేపు నిలబడి చూసి, 'పురుగుల ఇల్లు ఊరికే పడుండాది. నువ్వు తీసుకోప్పా. నాలుగు మంచాలు పడతాయి' అంది.  వద్దక్కా, ఇంగ నువ్వు మళ్లీ పురుగు పెట్టు, కావాలంటే ఈ గుడిసె పీకేస్తాను, నాలుగూ పీకేస్తాను అన్నాను. నిజంగానే అన్నాను. అక్క అరుగు మీద కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది.

'ఒగ మాట అడుగుతా' అంది. 'ఆ పొద్దు ఆయమ్మ నీ పక్క చెయ్యి చూపించి, రెండుసార్లు ఫోన్ అన్నది. ఫోన్ అంటే నాకు తెలవదా? నువ్వు చెప్పిందాంట్లో ఫోనే లేదు.'

 గోడ అలుకుతున్న పనిమనిషిని ఇంటికి పొమ్మన్నాను. అక్క పక్కన కూర్చుని, కోళ్ల అంగడి దగ్గరనుంచి మొదలుపెట్టి, పలక మీద అసలు ఏం రాశానో, ఎందుకు రాశానో, సాయంత్రం వాసన తగిలి ఎట్లా ఊరుకున్నానో, నెగడు దగ్గర ఆ అమ్మాయి ఏం అడిగిందో, పొద్దున గడప బయట కూర్చుని ఏం చెప్పిందో, ఆమె మాటలు ఒక్కటి కూడా వదలకుండా తెలుగులో చెప్పాను.  నేను ముగించాక, ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు అక్క నా వైపు చూసింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

'అన్నేండ్లు పురుగుల్ని సాకినాను. పోయినవి పోయినాయి, దానికేముంది' అంది. 'ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే, మర్నాడే మళ్లీ పురుగుకు చెప్పుందును. పక్కనున్నోడు నిజం చెప్పకపోతే ఆ యాపారం చేసేదానికి కాదురా.'

లేచి చీర దులుపుకుని ఇంటికి పోయింది. మరో పది రోజులకు బావ మనుషుల్ని పెట్టి మల్బరీ చెట్లను వేళ్లతో సహా పీకించాడు.